జైలులో బడి: నేరశాస్త్రం అడిగే ప్రశ్నలు

ఎం.ఏ. సోషియాలజీ చదివే అమ్మాయి జైలు చదువుల మీద పరిశోధన చేస్తానంటే ఇంట్లో మొదట వినిపించే మాట, "అవన్నీ మనకెందుకమ్మా?" నేరశాస్త్రం అంటే పోలీసు శిక్షణ అనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. నేరం ఎవరు చేశారో తేల్చడం పోలీసుల పని. మనిషి అటువైపు ఎందుకు వెళ్లాడు, శిక్ష అతణ్ణి ఏం చేస్తుంది అని అడగడం నేరశాస్త్రం పని.

జైలుకు తనదైన సమాజం ఉంటుందని, ఖైదీ క్రమంగా దాని అలవాట్లకు ఒదిగిపోతాడని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్లెమర్ 1940లోనే రాశారు. మరి చదువు ఆ ఒదుగుబాటును ఆపగలదా? అమెరికాలో జరిగిన అధ్యయనాలను రాండ్ సంస్థ 2013లో కలిపి పరిశీలించింది. జైల్లో చదువుకున్నవారు తిరిగి నేరంలోకి వెళ్లే అవకాశం 43 శాతం తక్కువని లెక్క తేల్చింది. అయితే, పుస్తకం పట్టేవారు ముందే మారాలనుకున్నవారు కావచ్చు కదా? పరిశోధకులు ఈ అనుమానాన్ని ఎప్పుడూ పక్కన పెట్టకూడదు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. 2022 చివరికి జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. బెయిలు ఎప్పుడొస్తుందో తెలియని మనిషి ఏడాది కోర్సులో ఎలా చేరతాడు? ఇగ్నో వంటి దూరవిద్యా సంస్థలు జైళ్లలో కేంద్రాలు నడుపుతున్నా ఈ ప్రశ్న మిగిలే ఉంది.

మనలాంటి ఇళ్లకు దీనికి తోడు భాష. జైళ్లు రాష్ట్రాల పరిధిలోనివి. అందుకే లోపలి కాగితాలు, పాఠాలు చాలావరకు ఆ రాష్ట్ర భాషలో నడుస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, కన్నడమో తమిళమో మాటవరకే వచ్చిన కూలీ మనిషి తన కేసు కాగితం తానే చదువుకోలేడు. ఇది చిన్న లోటు కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలని విచారణ ఖైదీ ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే పూచీకత్తుపై విడుదలకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. తన మీద ఏ సెక్షన్ పెట్టారో చదవలేనివాడు ఆ రోజును ఎలా లెక్కపెట్టుకుంటాడు?

నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం హక్కు. దానికి 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో పదో తరగతి తెలుగు మాధ్యమంలోనూ చదవవచ్చు. ఈ రెండు సంగతులు లోపలివారికి చేరాలంటే వారి భాషలో చెప్పే మనిషి కావాలి. "మనకెందుకమ్మా" అన్నవారికి ఆ అమ్మాయి ఇవ్వగల జవాబు అదే.