పండ్లు చెప్పే పాత ముచ్చట్లు

మనిషి చనిపోయినంక దేహం మట్టిలో కలిసిపోతుంది. కొన్ని నేలల్లో బొక్కలు కూడా మిగలవు. కానీ పండ్లు మాత్రం వేల ఏళ్లు నిలుస్తాయి. పంటి మీద ఉండే తెల్లటి పొరను ఎనామిల్ అంటారు. మన ఒంట్లో దానికన్నా గట్టి పదార్థం ఇంకోటి లేదు. అందుకే పాతకాలం మనుషుల గురించి తెలుసుకోవాలంటే శాస్త్రవేత్తలు ముందుగా పండ్ల వైపు చూస్తారు.

బొక్క విరిగితే అతుక్కుంటుంది, బతికున్నన్నాళ్లు మారుతూనే ఉంటుంది. ఎనామిల్ అట్ల కాదు. చిన్నప్పుడు ఒక్కసారి తయారైతే అంతే, మళ్లీ పెరగదు. పెద్ద దవడపండ్లలో మొదటిది పిల్లలు పుట్టే సమయానికే తయారవడం మొదలై, దాదాపు మూడేళ్లకు దాని పైభాగం పూర్తవుతుంది. ఆ రోజుల్లో బిడ్డకు తీవ్రమైన జ్వరమో, తిండి కొరతో వస్తే పంటి మీద అడ్డంగా గీతలు, గుంటలు పడతాయి. ఆ మనిషి అరవై ఏళ్లు బతికినా ఆ గుర్తు పోదు.

మన దక్కన్ నేల మీదే దీనికి ఒక ఉదాహరణ ఉంది. పూణే దగ్గరి ఇనామ్‌గావ్‌లో డెక్కన్ కాలేజీ వాళ్లు 1968 నుంచి ఏళ్ల తరబడి తవ్వకాలు జరిపారు. అది సుమారు మూడు వేల ఏళ్ల కిందటి రైతుల ఊరు. అక్కడ బయటపడ్డ సమాధుల్లో ఎక్కువ శాతం చిన్నపిల్లలవే. కుండల్లో ఉంచి ఇంటి నేల కిందే పూడ్చేవారు. అమెరికాకు చెందిన జాన్ లుకాక్స్, డెక్కన్ కాలేజీకి చెందిన సుభాష్ వాలింబే ఆ పిల్లల పాలపండ్లను పరిశీలించి, వాటి మీద పడ్డ మచ్చల ఆధారంగా వాళ్ల ఆరోగ్యం గురించి రాశారు. పేరు తెలియని ఆ పసివాళ్ల కష్టానికి సాక్ష్యం చెప్పింది పండ్లే.

ఏం తిన్నారు?

ఇసుర్రాయి మీద విసిరిన పిండిలో సన్నటి రాతిపొడి కలుస్తుంది. ఆ రొట్టె ఏళ్ల తరబడి నమిలితే దవడపండ్లు చదునుగా అరిగిపోతాయి. పండ్ల మీద గడ్డకట్టిన గార ఇంకా ఎక్కువ చెబుతుంది. మనం గీకి పారేసే ఆ గారలో తిన్న తిండి రేణువులు చిక్కుకొని గట్టిపడతాయి. హర్యానాలోని ఫర్మానాలో నాలుగు వేల ఏళ్లకు పైబడిన హరప్పా కాలం నాటి మనుషుల పండ్ల మీద, వంట కుండల్లో పసుపు, అల్లం ఆనవాళ్లు దొరికాయి. మన సాలన్‌లో వేసే మసాలాకు అంత పాత చరిత్ర ఉందన్నమాట!

అప్పుడే పంటి వైద్యం

బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ సమాధుల్లో 7,500 నుంచి 9,000 ఏళ్ల కిందటి పండ్లకు రంధ్రాలు చేసినట్టు కనిపించింది. తొమ్మిది మంది పెద్దవాళ్ల పదకొండు దవడపండ్ల మీద ఈ రంధ్రాలున్నాయని 2006లో 'నేచర్' పత్రికలో వచ్చింది. పూసలకు తూట్లు పొడిచే చెకుముకిరాయి మొనలాంటి దానితోనే ఈ పని చేసి ఉంటారని పరిశోధకుల అంచనా. రంధ్రం అంచులు తర్వాత అరిగి ఉన్నాయి. అంటే ఆ మనుషులు వైద్యం తర్వాత కూడా బతికి, ఆ పండ్లతోనే తిన్నారు.

నీళ్ల జాడ, అలవాట్ల జాడ

మెహర్‌గఢ్ పండ్ల మీద గోధుమరంగు మరకలు కూడా ఉన్నాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై అట్ల అయిందని పరిశోధకులు తేల్చారు. నల్లగొండ పేరు చెబితే మనకు గుర్తొచ్చే సమస్యే ఇది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పక్కాగా గుర్తుంచుకోవాల్సిన విషయం: నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు.

థాయ్‌లాండ్‌లో దొరికిన నాలుగు వేల ఏళ్ల కిందటి ఒక మనిషి పంటి గారలో వక్కకు సంబంధించిన రసాయనాలు బయటపడ్డాయి. పండ్ల మీద ఎర్రమరక లేకపోయినా గార మాత్రం నిజం దాచలేదు. మన ఇళ్లల్లో ఒకప్పుడు నానీ, దాదీలు పండ్లకు మిస్సీ రాసుకునేవారు. పండ్లు నల్లబడితే అందం అనుకునే రోజులవి. మిస్వాక్, వేపపుల్ల, కానుగపుల్ల కూడా అట్లాంటి పాత అలవాట్లే. అయితే ఇవి పండ్లను కాపాడే అలవాట్లు.

మన పండ్లు ఏం చెబుతాయి?

ఇప్పుడు మనం తినేదంతా మన పిల్లల పండ్ల మీద రాసి ఉంటుంది. చక్కెర ఎక్కువేసిన చాయ్, బిస్కెట్లు, రాత్రిపూట నోట్లో పాలసీసాతో నిద్ర, ఇవన్నీ పుచ్చుపండ్లకు దారి. వక్క క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో ప్రకటించింది. గుట్కా సంగతి చెప్పనక్కర్లేదు. లుకాక్స్ చెప్పిన ఇంకో మాట ఆడవాళ్లకు ముఖ్యం. పాతకాలం సమాజాల్లో మగవాళ్ల కన్నా ఆడవాళ్లకే పుచ్చుపండ్లు ఎక్కువ. గర్భం సమయంలో ఒంట్లో, లాలాజలంలో వచ్చే మార్పులు కూడా అందుకు కారణమని ఆయన వాదన. కాబట్టి కడుపుతో ఉన్న బహూ-బేటీలకు పంటి నొప్పి వస్తే 'కాన్పు అయినంక చూద్దాం' అనకుండా డాక్టర్‌కు చూపించండి. బోరు నీళ్లు తాగే ఇళ్లవాళ్లు ఒకసారి నీటిపరీక్ష చేయించుకోండి.

చివరగా మర్పల్లి, తాండూరు వైపు చదువరులకు ఒక మనవి. తెలంగాణలో గుండ్రంగా రాళ్లు పేర్చిన పాత సమాధులను ఊళ్లల్లో రాక్షసగుళ్లు అంటారు. పొలంలో అట్లాంటివి కనిపిస్తే గుప్తనిధుల ఆశతో తవ్వకండి, జేసీబీ పెట్టకండి. పురావస్తు శాఖకు, లేదంటే తహసీల్దార్‌కు చెప్పండి. కబర్ ఎవరిదైనా కబరే, దానికి ఇచ్చే ఇజ్జత్ ఇవ్వాలి. పైగా అందులో బంగారం దొరకకపోవచ్చు గానీ, ఒక్క పన్ను చెదిరిపోయినా ఒక మనిషి కథ మొత్తం పోతుంది.