బొమ్మలు విప్పే యంత్రానికి నిద్ర, మేల్కొలుపు

గత విద్యాసంవత్సరంలో మన కళాశాల సమావేశ మందిరంలో పాఠ్య వీడియోలు ప్రదర్శించే చిన్న పెట్టె ఒకటి తరచు మొరాయించేది. ధ్వని సాగేది, బొమ్మ మాత్రం నిలిచిపోయేది. తెరమీది రీస్టార్ట్ ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఉండేది కాదు. ద్వితీయ సంవత్సర విద్యార్థి ఒకడు లేచి వెళ్లి, ప్లగ్గు పీకి, కాసేపు ఆగి తిరిగి పెట్టేవాడు. బొమ్మ వచ్చేది. కళాశాల సొత్తు పాడుచేస్తున్నావని అతనిని మందలించినది మేమే. సంగతి కమిటీ దాకా పోయి రెండువందల రూపాయల జరిమానా పడినది. పిదప కంప్యూటర్ విభాగపు మిత్రుల వద్ద కూర్చుండి ఆ పెట్టె లోగుట్టు తెలుసుకొన్నాము. తెలుగు బోధించుకొనే మాకు అర్థమైనంత మేరకు దానిని ఇక్కడ వివరిస్తున్నాము.

చలనచిత్రాన్ని ఉన్నదున్నట్లుగా నిలువ చేయడం సాధ్యమయ్యే పని కాదు. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల బొమ్మలు సెకనుకు 25 చొప్పున నడిస్తే, సెకనుకు సుమారు 78 మెగాబైట్ల సమాచారం పోగుపడుతుంది. కనుక ఒక బొమ్మను పూర్తిగా వ్రాసి, తరువాతి బొమ్మలలో మారిన భాగాన్ని మాత్రమే వ్రాస్తారు. 2003లో వెలువడిన హెచ్.264 ప్రమాణం ఇట్టిదే. ఈ మూటను విప్పి మరల బొమ్మలుగా పరచే భాగమే డీకోడర్. సెల్‌ఫోనులోను, టీవీ పెట్టెలోను ఒకే చిప్పులో అది ఒక మూలగా ఉంటుంది. దానిని నడిపే ప్రోగ్రాము పేరు డ్రైవర్. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో బస్సు నడిపే డ్రైవరుకూ దీనికీ పోలిక ఒకటే: బండి ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో ఇద్దరూ ఎరిగి ఉండాలి.

డ్రైవర్ చేతిలో మూడు పగ్గాలుంటాయి. మొదటిది విద్యుత్తు. రెండవది క్లాక్, అనగా యంత్రం అడుగు తీసి అడుగు వేయడానికి తాళం వేసే స్పందన. మూడవది రీసెట్. ఇది పట్టి ఉంచినంతకాలం యంత్రం మొదటి స్థితిలోనే నిలిచి ఉంటుంది, విడిచిన తరువాతే పనిలోకి దిగుతుంది. సామాన్యంగా రీసెట్ పట్టి ఉంచే విద్యుత్తు ఇవ్వాలి. అది నిలకడ పొందిన తరువాత క్లాక్ ఇవ్వాలి. ఆ తాళం కొంత నడిచాక రీసెట్ విడవాలి. ఏ చిప్పుకు ఏ వరుస అన్నది తయారీదారు చెప్పిన ప్రకారమే. వరుస తప్పితే యంత్రం లేచినట్లే కనిపించి, ఏమి అడిగినా పలకదు. క్లాక్ లేని వేళ దానిని పలకరిస్తే ఇంకా ప్రమాదం. అనేక చిప్పులలో జవాబు కోసం ప్రధాన ప్రాసెసరు సైతం కదలక నిలబడిపోతుంది.

ఇంత తిప్పలెందుకు, ఎల్లవేళలా వెలిగించి ఉంచరాదా అని మేమూ అడిగాము. సెకనుకు 25 బొమ్మలంటే బొమ్మకు 40 మిల్లీసెకన్లు. యంత్రం తన పనిని అంతకన్న చాలా ముందే ముగించి కూర్చుంటుంది. ఆ ఖాళీలో క్లాక్ ఆపితే కొంత శక్తి మిగులుతుంది. విద్యుత్తే ఆపితే, ఊరకున్నా కారిపోయే స్వల్ప ప్రవాహం కూడ మిగులుతుంది. బ్యాటరీకి ఆయుష్షు, ఏప్రిల్ నెల హైదరాబాదులో చిప్పుకు చల్లదనం. అయితే నిద్రలేపడానికీ కొంత సమయం, శక్తి ఖర్చవుతాయి. ఇరానీ హోటలులో ఒక కప్పు చాయ్‌కీ మరొక కప్పు చాయ్‌కీ నడుమ పొయ్యి ఆర్పరు, గిరాకీ లేదని నిశ్చయమైన తరువాతనే ఆర్పుతారు. లినక్స్‌లో హాంట్రో, ఆర్‌కెవిడెక్ అనే డ్రైవర్లున్నాయి. చివరి పని ముగిసిన 100 మిల్లీసెకన్ల దాకా వేరొక పని రాకుంటేనే అవి యంత్రాన్ని పడుకోబెడతాయి. అది రెండు బొమ్మల వ్యవధి కన్న కొంచెం ఎక్కువ. సాఫీగా సాగే వీడియోలో ఆ నిద్ర పట్టదు, వీడియో ఆపినప్పుడే పడుతుంది.

ఈ నిద్రలో మతిమరపు ఉన్నది. విద్యుత్తు పోతే యంత్రం లోపలి అమరికలన్నీ చెరిగిపోతాయి. పై రెండు డ్రైవర్లు నడిపే యంత్రాలు స్వయంగా ఏమీ గుర్తుంచుకోవు. విప్పిన పాత బొమ్మలు ప్రధాన స్మృతిలో ఉంటాయి, అమరికలను డ్రైవర్ ప్రతి బొమ్మకూ కొత్తగా వ్రాసి ఇస్తుంది. కనుక ఈ మతిమరపు వాటికి బాధ కాదు. క్వాల్‌కామ్ చిప్పులలోని వీనస్ తీరు వేరు. దాని డ్రైవర్ 2017లో లినక్స్‌లో చేరినది. ఆ యంత్రం లోపల చిన్న ప్రాసెసరు, దానికొక ప్రోగ్రాము, తన లెక్కలు తనకు ఉంటాయి.

ఇక యంత్రం పని మధ్యలో బిగుసుకుపోతే? హాంట్రో, ఆర్‌కెవిడెక్‌లు పని అప్పగించి రెండు సెకన్లు కాచుకొంటాయి. జవాబు రాకుంటే ఆ ఒక్క బొమ్మను తప్పుగా లెక్కగట్టి, యంత్రాన్ని మొదటి స్థితికి తెచ్చి ముందుకు సాగుతాయి. చెడిన బొమ్మపై ఆధారపడిన తరువాతి బొమ్మలు చెదరవచ్చు. ఎవరిపైనా ఆధారపడని పూర్తి బొమ్మ వచ్చేసరికి తెర సర్దుకొంటుంది. వీనస్‌లో ఆ ప్రోగ్రామే కూలితే దానిని తిరిగి ఎక్కించవలసిందే, అప్పుడు తెరచి ఉన్న వీడియోలన్నింటికీ దెబ్బ. ఒకని తప్పుకు తరగతినంతా నిలబెట్టినట్లు!

రీసెట్ కూడ ఇష్టం వచ్చినప్పుడు లాగేది కాదు. డీకోడర్ స్మృతి నుండి సమాచారం అందుకొంటున్న క్షణంలో లాగితే, బస్తా అందించేవాని ఎదుట అందుకొనేవాడు మాయమైనట్లే. ఇచ్చేవాని చేతులు అట్లే చాచి ఉంటాయి, వెనుక వరుస అంతా ఆగిపోతుంది. కనుక ముందు రాకపోకలు ఆపి, దారి ఖాళీ అయినదని చూచుకొని, అప్పుడే రీసెట్ చేయాలి.

మన పెట్టె సంగతికి వద్దాము. మిత్రులు దాని లోపలి చిట్టా తీసి చూచారు. బొమ్మ నిలిచిన ప్రతిసారీ అంతకుముందు ఒక విరామం ఉన్నది. అధ్యాపకుడు వీడియో ఆపి, నల్లబల్లపై వివరించి, తిరిగి మొదలుపెట్టినప్పుడే ఆ తంటా. అనగా నిద్ర బాగానే పట్టేది, మేలుకొలుపు వరుసలోనే ఎక్కడో లోపం. తెరమీది రీస్టార్ట్ ప్రోగ్రామును మాత్రమే మొదటికి తెచ్చేది. బిగుసుకొన్న డీకోడరుకు విద్యుత్తు అట్లే అందుతుండేది, కనుక అది అట్లే ఉండేది. ప్లగ్గు పీకితే చిప్పంతా ఒక్కసారిగా ఆరుతుంది. పీకిన వెంటనే పెడితే కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు దానిని కొంతసేపు నిలబెట్టి ఉంచగలదు. ఆ విద్యార్థి కాసేపు ఆగడం అందుకే. ఎవరు నేర్పారని అడిగితే, ఇంట్లో టీవీ పెట్టెకు అన్నయ్య అట్లే చేస్తాడని చెప్పాడు.

రక్షణ శాఖ వారి ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల 1962లో ఏర్పడి మన చాంద్రాయణగుట్టలోనే ఉన్నది. దాని గోడ పక్కగా నడిచి వచ్చే పిల్లలకు ఈ విద్య అందరానిదని మేము అనుకోము. పెట్టె అమ్మినవారికి చిట్టా జతచేసి ఉత్తరం వ్రాశాము, జవాబు రావలసి ఉన్నది. అంతవరకు పెట్టె పక్కన ‘ప్లగ్గు తీసి, ముప్పై లెక్కపెట్టి, తిరిగి పెట్టవలెను’ అని తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి అంటించాము. ఆ రెండువందల రూపాయలను విద్యార్థికి తిరిగి ఇప్పించవలసినదిగా కమిటీ పెద్దలకు ఈ పుట ద్వారానే మనవి చేస్తున్నాము.