ఉప్పునీటి తొట్టెలో చేప నలతగా ఉందా? ముందు నీళ్లు చూడండి

చెన్నైలో మనవాళ్ల ఇళ్లలో, ముఖ్యంగా పిల్లలున్న ఇళ్లలో, ఉప్పునీటి చేపల తొట్టెలు కనిపిస్తున్నాయి. కొళత్తూరు చేపల బజారుకు వెళ్లి ముచ్చటపడి తెచ్చుకుంటారు. పది రోజులకే "చేప మేత ముట్టడం లేదు, ఏం మందు వెయ్యాలి?" అన్న ప్రశ్న మొదలవుతుంది. మందు మాట తరవాత. చాలాసార్లు జబ్బు చేపది కాదు, నీళ్లది.

దీన్ని పోల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. చేపలన్నీ ఒకేసారి పైకి తేలి గసపోస్తుంటే లోపం నీళ్లలో ఉన్నట్టు. ఒక్క చేపే మూలకు చేరితే దానికి జబ్బయినా చేసి ఉండాలి, తోటి చేపలు తరుముతూ అయినా ఉండాలి. ఏదయినా సరే, ముందు నీటి పరీక్ష చెయ్యండి.

మొదట అమ్మోనియా. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్లి ఇది పుడుతుంది. ఫిల్టరులో పెరిగే బాక్టీరియా దీన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. ఆ బాక్టీరియా స్థిరపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. తొట్టె పెట్టిన వారంలోనే చేపలు వదిలితే అవి విషంలో ఈదుతున్నట్టే. ఉప్పునీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 దాకా ఉండాలి. పీహెచ్ ఎక్కువయ్యే కొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది. అందుకే మంచినీటి చేప ఓర్చుకునే మోతాదు కూడా ఇక్కడ ప్రాణం తీస్తుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా ఉండాలి. కనిపిస్తే మేత ఆపి, పావువంతు నీళ్లు మార్చండి. కొత్త నీళ్ల ఉప్పు, వేడి పాతవాటితో సరిపోవాలి.

రెండోది ఉప్పు. సాంద్రత 1.023 నుంచి 1.026 మధ్య ఉండాలి. ఎండాకాలంలో నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన మేరకు మంచినీళ్లే పొయ్యాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం రోజురోజుకీ పెరిగిపోతుంది.

మూడోది గాలి. నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 నుంచి 27 డిగ్రీలు మంచిది. కరెంటు పోయినప్పుడు పంపు ఆగితే చేపలకు ఊపిరాడదు. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

నాలుగోది నీళ్లు ఎక్కడివన్నది. కుళాయి నీటిలో క్లోరిన్, బోరు నీటిలో లోహాలు ఉండవచ్చు. ఆర్వో నీటిలో అక్వేరియం ఉప్పు కలుపుకోవడం మేలు. కూవం, అడయారు కలిసే తీరాన బిందెతో తెచ్చిన సముద్రపు నీళ్లు వద్దు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరినుకు బాక్టీరియా చస్తుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే దాన్ని పిండండి.

నీళ్లన్నీ సరిగా ఉండి, ఒంటిమీద ఉప్పురవ్వల్లా తెల్లచుక్కలు వస్తే అది పరాన్నజీవి. నాలుగు రోజులకు చుక్కలు రాలిపోతాయి, తగ్గిందని సంబరపడతాం. నిజానికి అది అడుగుకు చేరి, పిల్లలు పెట్టి, మళ్లీ వస్తుంది. చేపల్ని వేరే తొట్టెలోకి మార్చి, రాగి మందు సీసా మీద రాసిన మోతాదులోనే వాడాలి. రొయ్యలు, నత్తలు ఉన్న తొట్టెలో రాగి వేస్తే అవి చచ్చిపోతాయి. పెద్ద తొట్టెను రెండున్నర నెలలు చేపలు లేకుండా ఉంచాలి. ఇంత శ్రమ వద్దనుకుంటే కొత్త చేపను 4 వారాలు విడిగా ఉంచి, ఆ తరవాతే కలపండి.

జీవితమంతా రిజిస్టర్లు రాసినవాణ్ణి కాబట్టి ఇదీ చెబుతాను. ఒక నోటుబుక్కు పెట్టి వారానికోసారి తేదీ, ఉప్పు, పీహెచ్, అమ్మోనియా, వేడి రాయండి. చేప నలతపడిన రోజున వెనక్కి తిప్పితే మార్పు ఎప్పుడు మొదలయిందో తెలుస్తుంది. ఆ పని పిల్లలకు అప్పగిస్తే, తెలుగు అంకెలతో పాటు ఓపిక కూడా అలవడుతుంది.

ఇంకొక మాట. ఉప్పునీటి రంగు చేపల్లో ఎక్కువ భాగం సముద్రంలో పట్టినవే. క్లౌన్ చేపలను మాత్రం మన దేశంలోనూ హేచరీల్లో పెంచుతున్నారు, దుకాణంలో అడిగి అవే తీసుకోండి. నీటిగుర్రాలు, సజీవ పగడాలు వన్యప్రాణి చట్టం కింద రక్షిత జాతులు. ఎవరు అమ్మజూపినా కొనవద్దు.