గాలివాన రాకమున్నే

గోదావరి తన పాయలతో చుట్టి పెంచిన సీమ మన కోనసీమ. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున సముద్రము. కొత్తపేట మొదలు అమలాపురము, రాజోలు వఱకు కొబ్బరితోటలకును వరిచేలకును ప్రాణమిచ్చునది ఈ నీరే. అప్పుడప్పుడు ప్రాణములను హరించునదియు నీ నీరే. ఆషాఢ శ్రావణములలో ఎగువనుండి వరద వచ్చును. ఆశ్వయుజ కార్తికములలో దిగువనుండి తుపాను వచ్చును. ఈ రెండింటిని గూర్చియు అధికారులు, ఇంజనీర్లు చాల వ్రాసియున్నారు. ఇంటిని దిద్దుకొను స్త్రీ చేయవలసినదేమో మాత్రము చెప్పువారరుదు. ఆ కొఱత తీర్చుటకే ఈ నాలుగు మాటలు.

భారతమున శాంతిపర్వమందు భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన మూడు చేపల కథ సోదరీమణు లెఱిగినదే. చెఱువులోని నీటిని జాలరులు తోడివేయుట చూచి దీర్ఘదర్శి ముందుగనే వేఱొక మడుగునకు పోయెను. ప్రాప్తకాలజ్ఞుడు పట్టుబడియు యుక్తిచే తప్పించుకొనెను. దీర్ఘసూత్రుడు "చూతము లెమ్ము" అనుచునుండి నశించెను. ఇందు మూడవవానిని మనమందఱము నిందింతుము. అయినను తుపాను వార్త వినబడినప్పుడు మన యిండ్లలో తఱచుగా వినవచ్చు మాట ఆ "చూతము లెమ్ము" అనునదియే కాదా?

1996వ సంవత్సరము నవంబరు 6వ తేది రాత్రిని ఈ సీమవారు మఱచిపోలేరు. దీపావళికి నాలుగు దినములే మిగిలియుండెను. కాకినాడకు దక్షిణమున తీరము దాటిన ఆ తుపాను పరిమాణమున చిన్నదే గాని, వేగమున అతిభయంకరము. భైరవపాలెము, బలుసుతిప్ప మొదలగు తీరగ్రామములను సముద్రము ముంచెత్తినది. వేటకు పోయిన మత్స్యకారులు పెక్కురు తిరిగి రాలేదు. వేయికి మించిన ప్రాణములు పోయినవి. కొబ్బరిచెట్లు తోటలకు తోటలే నేలకొఱగినవి. మన దేశవాళి కొబ్బరి నాటిన ఆఱేడేండ్లకు గాని కాపునకు రాదు. కావున ఆ యొక్క రాత్రి గాలి ఎన్నో సంసారములకు అనేక సంవత్సరముల జీవనమును హరించినది. అంతకుమున్ను 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలకు పైగా జనులు మరణించిరి. అటుపిమ్మట 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దాపునను, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురము దాపునను తీరము దాటినవి. కావున ఇది ఏనాడో ముగిసిన కథ కాదు.

తుపాను స్వభావమును కొంత తెలిసికొనుట మంచిది. అల్పపీడనము బలపడి వాయుగుండమగును. వాయుగుండము బలపడి తుపానగును. సముద్రముపై సుడి తిరుగు ఈ గాలికి నడుమ ఒక కన్నుండును. ఆ కన్ను ఊరిమీదుగా పోవునపుడు గాలి హఠాత్తుగా అణగును. ఒక్కొక్కప్పుడు చుక్కలు కూడ కనబడును. గండము గడచినదని తలచి జనులు వెలుపలికి వత్తురు. కొంతసేపటికే గాలి ఎదురు దిక్కునుండి అంతే ఉద్ధృతితో కొట్టును. మొదటి గాలికి కదలిన చెట్లు, గోడలు రెండవ గాలికి కూలును. అందుచే గాలి నిలిచినదని తలుపు తీయరాదు. మఱియొక విషయము: మన తీరమున తుపాను దాటు చోటునకు ఉత్తరపు ప్రక్క ఉప్పెన హెచ్చు. కావున "తుపాను మచిలీపట్టణము వైపు పోవుచున్నదట, మనకు భయము లేదు" అనుకొనుట పొరపాటు.

వరద సంగతి వేఱు. తుపాను తీరము సమీపించిన పిమ్మట వ్యవధి గంటలలో నుండును. గోదావరి వరద మాత్రము ముందుగా కబురంపియే వచ్చును. భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులకు చేరినపుడు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. ఆ నీరు ధవళేశ్వరము చేరుటకు దాదాపు ఒక దినము పట్టును. అచ్చట ఆనకట్టయొద్ద 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. అనగా 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కుల ప్రవాహము. 1986 ఆగస్టులో భద్రాచలమున మట్టము 75.6 అడుగులకెక్కి, ధవళేశ్వరమున సుమారు 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించినవి. 2022 జూలైలో భద్రాచలమున 71.3 అడుగులు వచ్చినది. లంకగ్రామములు దినములతరబడి నీటనుండెను. అమావాస్యకో పున్నమకో సముద్రపు పోటు హెచ్చుగా నున్నచో వరదనీరు త్వరగా దిగదు. ఈ సంఖ్యలను వంటయింటి గోడమీద వ్రాసి యుంచుకొనుడు. పాల లెక్క, చాకలి లెక్క వ్రాసికొను చేతులకు ఇది బరువు కాదు.

ఇక అసలు సంగతికి వత్తుము. 1991 ఏప్రిలు 29న బంగ్లాదేశమున వచ్చిన తుపానులో 1,30,000 మందికి పైగా మరణించిరి. వారిలో వయసువచ్చిన స్త్రీలు పురుషులకన్న పెక్కు రెట్లు హెచ్చుగా నుండిరి. కారణములు విచారింపగా తెలిసినవేమి? భర్త వచ్చి చెప్పువఱకు ఇల్లు కదలలేదు. పిల్లలను, వృద్ధులను విడిచిపోలేదు. పరాయి మగవారితో ఒక్క కప్పు క్రింద నుండుటకు సిగ్గుపడిరి. చీర కాళ్ళకు చుట్టుకొనినది, ఈత రాలేదు. ఈ కారణములలో దైవకృతమైనదొక్కటియు లేదు. అన్నియు ఆచారమువలన ఏర్పడినవే. తరువాత ఆ దేశమువారు ఊరూర స్త్రీలను కూడ స్వచ్ఛందసేవలో చేర్చిరి, ఆశ్రయభవనములు కట్టిరి. 2020 మే నెలలో అంఫాన్ తుపానునకు ముందు 20 లక్షలకు పైగా జనమును తరలించిరి. అక్కడి మృతులసంఖ్య కొన్ని పదులకు మించలేదు.

మన యిండ్లలో మాత్రమేమి జరుగుచున్నది? కోనసీమలో ఎందఱో పురుషులు గల్ఫుదేశములలో నున్నారు. కొన్ని యిండ్లలో తల్లియే కువైటులో నుండగా అమ్మమ్మయో నాయనమ్మయో పిల్లలను సాకుచున్నది. ఇంటి మగవారు ఎదుట నుండి ఆజ్ఞాపింతురను తలంపునకు ఇచ్చట తావే లేదు. అయినను కబురు వచ్చినపుడు "వారిని అడిగి చెప్పెదను" అని ఫోను చేయుచు కూర్చుందుము. అత్తగారు "ఆవును విడిచి నేను రాను" అందురు. తాతగారు "ఇట్టివెన్నో చూచితిమి" అందురు. ఇంతలో దారి మునుగును.

ఇందులకు మేము చెప్పు ఉపాయమొక్కటే. ఈ నిశ్చయమును వైశాఖమాసమున, ఆకాశము నిర్మలముగా నున్న దినమున చేసికొనవలెను. భార్యాభర్తలు, అత్తమామలు కూర్చుండి మాట పుచ్చుకొనవలెను: "ధవళేశ్వరమున రెండవ హెచ్చరిక వెలువడినచో పిల్లలును వృద్ధులును లంక విడిచి గట్టుమీదికి పోవుదురు. తుపాను తీరము దాటునని చెప్పిన దినమున మధ్యాహ్నమునకే ఇల్లు విడుతుము. ఇంటనున్న స్త్రీ ఎవరిని అడుగనక్కఱ లేదు." ఆ మాట ఒకసారి అనుకొనినచో, ఆపదలో వాదములకు చోటుండదు. గృహిణి యనిపించుకొన్నవారికి గృహమును కాపాడు భారమెంతయో, దానిని విడుచు అధికారమును అంతయే ఉండవలెను. గోడలు పోయినను మరల కట్టుకొనవచ్చును.

సామగ్రి విషయమున మన పెద్దలకు మనము నేర్పనక్కఱ లేదు. ఆవకాయకు, వడియములకు ఏడాది ముందుచూపు చూచువారము. ప్రాణమునకు మూడుదినముల ముందుచూపు చూడలేమా? అటుకులు, మరమరాలు, వేయించిన వేరుసెనగలు, బెల్లము డబ్బాలలో పోసి అటకపై నుంచుడు. మంచినీరు మూతగల బిందెలలో పట్టియుంచుడు. ఉప్పెన వచ్చిన పిమ్మట నూతినీరు ఉప్పనగును. పట్టాదారు పాసుపుస్తకము, రేషను కార్డు, ఆధారు కార్డు, పిల్లల బడి కాగితములు ప్లాస్టిక్కు సంచిలో కట్టుడు. పెద్దలు నిత్యము వాడు మందులు, టార్చి, అగ్గిపెట్టె, నెలసరికి కావలసిన గుడ్డలు, చంటిబిడ్డ పాలగిన్నె మఱువకుడు. ఆషాఢమునకు ముందే ఇంటిపై వ్రాలిన కొబ్బరిచెట్లకు ఎండుమట్టలు, కాయలు దింపించుడు. పెనుగాలికి కొబ్బరికాయ ఫిరంగిగుండు వంటిది. ఇల్లు విడుచునపుడు విద్యుత్తు మెయిను, గ్యాసు కట్టివేయుడు. పశువుల పలుపులు విప్పుడు. కట్టుకొయ్యననున్న ఆవు ఈదలేదు. నెలలు నిండిన స్త్రీలను వరదకు ముందే ఆసుపత్రి గల ఊరికి చేర్చుడు. సహాయమునకు 112, 1070 సంఖ్యలు పిల్లలచే కంఠస్థము చేయింపుడు.

ఆశ్రయముల గూర్చి ఒక్కమాట. మా యింటివారు బడిపంతులగుటచే, గాలివాన వచ్చినపుడెల్ల ఊరికి బడియే దిక్కగుట మేమెఱుగుదుము. ఒక యూర బడిలో ఆశ్రయము పొందిన స్త్రీలు రాత్రియంతయు గ్రుక్కెడు నీరు త్రాగరైరి. ఏలయనగా అచ్చటి మరుగుదొడ్డికి తలుపు లేదు, దీపము లేదు. ఇట్టిచోటికి మఱునాడు రమ్మన్నచో ఎవరు వత్తురు? కావున పంచాయతీలోని స్త్రీలును, స్వయంసహాయక సంఘములవారును వానకాలమునకు ముందే తమ యూరి తుపాను భవనమును, బడిని స్వయముగా చూచి రావలెను. తలుపునకు గడియ కలదా? స్త్రీలకు వేఱుగది కలదా? కుంటివారెక్కుటకు మెట్లు సరిగా నున్నవా? ఇవి యడుగుటకు ఇంజనీరు చదువు వలదు.

నీరు దిగిన తరువాతను జాగ్రత్త విడువరాదు. కాచి చల్లార్చిన నీరే త్రాగుడు. వరదకు పాములు అటకలపైకి, ధాన్యపు బస్తాలలోకి చేరును. కఱ్ఱతో కదిపి గాని చేయి పెట్టకుడు. కఱచినచో కోసి రక్తము తీయుట, మంత్రము వేయించుట మాని వెంటనే ఆసుపత్రికి కొనిపొండు. తెగిన విద్యుత్తీగెలను తాకకుడు.

సముద్రమును ఆపుట మన వశము కాదు; గోదావరిని వెనుకకు మరల్చుటయు మన వశము కాదు. కబురు వినగనే గడప దాటుట మన వశము. ఈ నెలలోనే ఒక సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట ఇంటివారినందఱిని కూర్చుండబెట్టి, ఎప్పుడు కదలవలెనో, ఎచటికి పోవలెనో, ఎవరు ఎవరి చేయి పట్టుకొనవలెనో నిశ్చయించుకొనుడు. పొరుగింట ఒంటరిగా నున్న ముదుసలి పేరును ఆ జాబితాలో చేర్చుట మఱువకుడు.