చక్రాలు మరిచిన విమానం!

ఈ సీను మనం ఎన్ని సినిమాల్లో చూశామో లెక్కలేదు. ఆకాశంలో చిన్న విమానం. పైలట్ నుదుట చెమట. "చక్రాలు దిగడం లేదు!" అని కేక. కెమెరా ఒకసారి ఏడుస్తున్న పసిపాప మీదికి, మరోసారి దండం పెట్టుకుంటున్న ముసలమ్మ మీదికి. ఇంకేముంది, విలన్ రాత్రికి రాత్రే వైరు కత్తిరించేశాడు! హీరో ఒక్క ఉదుటున కాక్‌పిట్‌లోకి... హాల్లో ఈలలే ఈలలు!

ఈలలు నేనూ వేశాను. కానీ ఇంటికొచ్చాక ఒకటే సందేహం. నిజంగా చక్రాలు లేకుండా దిగితే ఏమవుతుంది? లోపలున్నవాళ్లు బతుకుతారా? షూటింగ్ కబుర్ల కోసం స్టూడియోల చుట్టూ తిరిగే నన్ను ఆ సందేహం ఒక ఆదివారం పొద్దున్నే ఓ రిటైర్డ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ ఇంటి గుమ్మం ముందు నిలబెట్టింది. తన పేరు రాయొద్దన్నారాయన. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

కాఫీ తాగుతూ నా సినిమా సీను వర్ణించాను. ఆయన పకపకా నవ్వారు.

"విలన్ ఎందుకు నాయనా? చిన్న విమానం చక్రాలు లేకుండా దిగిందంటే చాలాసార్లు కారణం ఒక్కటే. పైలట్ వాటిని దించడం మర్చిపోయాడు!"

నేను తెల్లబోయాను.

మర్చిపోవడమా?!

అసలు చక్రాలు మడవడం ఎందుకు? పంచె ఎగగట్టినవాడు వేగంగా పరిగెత్తుతాడు కదా, అదే సూత్రం. చక్రాలు కిందికి వేలాడుతుంటే గాలి అడ్డుకుంటుంది. పొట్టలోకి ముడిస్తే వేగం పెరుగుతుంది, పెట్రోలు కలిసొస్తుంది. ఒకప్పుడు మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో కుర్రాళ్లు నేర్చుకున్న పుష్పక్ విమానానికి ఈ గొడవే లేదు, చక్రాలెప్పుడూ కిందే. అలాంటి వాటి మీద ఏళ్ల తరబడి ఎగిరి, బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా లాంటి వేగమైన విమానం ఎక్కితేనే చిక్కు. ఆకాశంలో కొత్తగా ఒక పని గుర్తుపెట్టుకోవాలి.

దానికి కాపలాలు లేకపోలేదు. చక్రాలు మూడూ దిగి బిగుసుకుంటే ఎదురుగా మూడు పచ్చ దీపాలు వెలుగుతాయి. చక్రాలు దించకుండా ఇంజన్ జోరు తగ్గిస్తే హారన్ మోగుతుంది. పైపర్ ఆరో విమానానికైతే, వేగం పడిపోతే చక్రాలు వాటంతటవే దిగే ఏర్పాటు కూడా చేశారు ఒకప్పుడు.

"మరి హారన్ మోగుతుందిగా మాస్టారూ?" అన్నాను.

"మోగుతుంది. వినాలిగా! టీవీ సీరియల్లో మునిగినవాళ్లకి పొయ్యి మీద పాలు మాడుతున్న వాసన తెలుస్తుందా? ఇదీ అంతే. సరిగ్గా చక్రాలు దించబోయే వేళకి టవర్ నుంచి పిలుపొస్తుంది, లేదా ఎదురుగా ఇంకో విమానం కనిపిస్తుంది. చెయ్యబోయిన పని ఆగిపోతుంది. మళ్లీ మొదలెట్టేసరికి మన బుర్ర ఆ పని అయిపోయిందనే అనుకుంటుంది."

ప్రాణం తీసేది ఏది?

నిజంగానే యంత్రం మొరాయించి చక్రాలు రాకపోతే? కంగారు అక్కర్లేదంటారు మాస్టారు. అది ముందే తెలిసిన ప్రమాదం. ఆకాశంలో చక్కర్లు కొడుతూ ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. పాత బొనాంజాల్లో చక్రాలు దించడానికి చేత్తో తిప్పే పిడి ఉంటుంది, 50 చుట్ల దాకా తిప్పాలి. టవర్ పక్కగా ఎగిరితే కిందివాళ్లు చక్రాల సంగతి చూసి చెబుతారు. ఏదీ కుదరకపోతే పెట్రోలు తగ్గేదాకా తిరిగి, తలుపు ఇరుక్కుపోకుండా ముందే గడి తీసిపెట్టి, గట్టి రన్‌వే మీద మెల్లగా దించాలి. మెత్తటి నేల మంచిదనిపిస్తుంది గానీ, అందులో ముక్కు గుచ్చుకునే ప్రమాదముంది. రేకు గీసుకునే చప్పుడు, నిప్పురవ్వలు, వంగిపోయిన ప్రొపెల్లర్... చాలాసార్లు మనుషులు మాత్రం తమ కాళ్ల మీద తామే నడిచి బయటికొస్తారు!

"మరి చనిపోయేదెప్పుడు?"

మాస్టారి మొహంలో నవ్వు మాయమైంది. "మర్చిపోయి దిగినవాడికి ప్రొపెల్లర్ నేలకి తగిలిన చప్పుడుతో మెలకువొస్తుంది. అయ్యో విమానం, అయ్యో నా పరువు అనిపిస్తుంది. థ్రాటిల్ తోసి మళ్లీ లేపేస్తాడు. వంగిన ప్రొపెల్లర్, దెబ్బతిన్న ఇంజన్. అది ఎంతో దూరం మొయ్యదు నాయనా. నేల మీద జారితే పోయేది రేకు. పైకి లేపితే పోయేది ప్రాణం."

రెండో టేకు

సినిమావాళ్లం కాబట్టి నాకో సినిమా సంగతి గుర్తొచ్చింది. గ్రెగరీ పెక్ హీరోగా 1949లో తీసిన 'ట్వెల్వ్ ఓక్లాక్ హై'లో నాలుగింజన్ల బి-17 బాంబర్ చక్రాలు లేకుండా పొట్ట మీద జారుతూ వస్తుంది. అది బొమ్మ విమానం కాదు సుమండీ! పాల్ మాంట్జ్ అనే స్టంట్ పైలట్ అంతటి విమానాన్నీ ఒంటరిగా నడిపి, కావాలనే అలా దించాడు. పారితోషికం 4,500 డాలర్లు. ఆ రోజుల్లో అది రికార్డు! గీత కూడా పడకుండా బయటికొచ్చాడు. అదే షాట్‌ని 1962లో 'ది వార్ లవర్'లో మళ్లీ వాడుకున్నారు.

అదే మాంట్జ్ 1965లో 'ది ఫ్లయిట్ ఆఫ్ ది ఫీనిక్స్' షూటింగులో చనిపోయాడు. ఎడారి నేలని రాసుకుంటూ పోవాల్సిన షాటు, రెండో టేకు. చిన్న దిబ్బ తగిలింది. థ్రాటిల్ పూర్తిగా తోశాడు. విమానం రెండుగా విరిగింది. ఆ చిత్రాన్ని ఆయన స్మృతికే అంకితమిచ్చారు.

మన దేశంలోనూ జరిగింది. 2021 మే 6న నాగపూర్‌లో ఎగురుతుండగా ఒక ఎయిర్ అంబులెన్స్ విమానం చక్రం ఊడిపడింది. లోపల పేషెంటుతో కలిపి ఐదుగురు. ముంబయిలో రన్‌వే మీద నురుగు పరిచారు. ఆ రాత్రి కెప్టెన్ విమానాన్ని పొట్ట మీద దించాడు. ఐదుగురూ క్షేమం!

మాస్టారి సంగతి

ఇదంతా విన్నాక వుండబట్టలేక అడిగేశాను. "మీకెప్పుడైనా...?"

కాసేపు మౌనం. "ఒకసారి" అన్నారాయన.

ఎవరో ఆసామి సొంత విమానం. పక్కన శిష్యుడు. అంతకుముందు ల్యాండింగులో కుర్రాడు చేసిన తప్పుకి చివాట్లు పెడుతూనే దింపుతున్నారట. హారన్ మోగుతోంది. చివాట్ల జోరులో ఇద్దరికీ వినపడలేదు. కింద రేకు కరకరలాడింది.

"చెయ్యి థ్రాటిల్ మీదికి వెళ్లింది. పక్కన పిల్లాడి మొహం కనపడింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను."

విమానం ఆగింది. ఇద్దరూ దూకి దూరంగా పరిగెత్తారు. ఆయాసం తీరాక కుర్రాడు మెల్లగా అన్నాడట, "సార్, లీవర్ పని చెయ్యలేదని చెప్పేద్దామా?" అని.

"విమానాన్ని జాకీల మీద ఎత్తి చూస్తే చక్రాలు బుద్ధిగా దిగుతాయి, అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది? అదీగాక వాడు రేపు ఇంకొకడికి నేర్పాల్సినవాడు. రిపోర్టులో రాసిచ్చాను. చక్రాలు దించడం మర్చిపోయాను, తప్పు నాదే అని."

ఉద్యోగం పోయింది. కొన్ని నెలలు ఎగరడానికి లేదు. శిష్యుడు మాత్రం ఈరోజు కెప్టెన్. దిగే ముందు ప్రతిసారీ మూడు పచ్చ దీపాలనూ వేలితో చూపిస్తూ బయటికే లెక్కపెడతాడట. పక్కవాళ్లు నవ్వినా సరే మానడట! వాళ్లెవరో తెలియకూడదనే మాస్టారు పేరు వద్దన్నది.

సెలవు తీసుకుని, ఆయన కథే తలుచుకుంటూ మోటార్ సైకిల్ స్టార్ట్ చేశాను. గేరు వేసి కదలబోతుంటే అరుగు మీద నుంచి పెద్ద కేక.

"నాయనా! సైడ్ స్టాండు!"

చూసుకుంటే ఇంకా కిందే ఉంది. సిగ్గుపడుతూ కాలితో పైకి తన్నాను. మాస్టారు నవ్వలేదు. "అంతే నాయనా, అలాగే మర్చిపోతాం" అన్నారు.