వెనక లారీ, ముందు కూలీ

వరి కోతలు మొదలైతే జనగామ పల్లెల్లో రోడ్డే కల్లమవుతుంది. సగం దారి వడ్లకు, సగం బండ్లకు. మిరప ఏరే రోజుల్లో మహబూబాబాద్ రోడ్ల నిండా కూలి ఆటోలు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు టిప్పర్లు, గోదావరి ఇసుక లారీలు. ఎడ్లబండికీ పది చక్రాల లారీకీ దారి ఒకటే.

మెల్లగ పోయే బండి కనపడితే వెనకవాడికి ఓపిక ఉండదు. ట్రాలీకి ఆనుకొని వస్తాడు, హారన్ మోగిస్తాడు, లైట్లు కొడతాడు. మూలమలుపని చూడకుండా దూసుకపోతాడు. ట్రాక్టరు డ్రైవరు బెదిరి పక్క మట్టిలోకి దింపితే ట్రాలీ ఒరుగుతుంది. అందులో కూర్చున్నది ఎవరు? తెల్లారకముందే సద్ది కట్టుకొని బయల్దేరిన మన ఆడకూలీలు.

గంటకు 60 కిలోమీటర్ల మీద వచ్చే లారీ సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. డ్రైవరు చూసి కాలు బ్రేకు మీద పెట్టేలోపే ఆ దూరం ఐపోతుంది. రెండు బారల దూరంలో వెంబడించేవాడు ఎంత మొనగాడైనా ఆపలేడు.

లారీ డ్రైవరు మనకు శత్రువు కాడు. ట్రిప్పుల లెక్కన కూలి కట్టే చోట నిద్ర చంపుకొని నడుపుతాడు. తొందర ఓనరుది. కారు బాబులకు ఆ సాకు కూడా లేదు.

ముందు బండి ఉన్నట్టుండి ఆగినా తగలనంత ఎడం ఉంచాలని 2017 డ్రైవింగ్ నిబంధనలు చెప్తున్నాయి. అడ్డగోలు ఓవర్‌టేకును 2019 సవరణ మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో చేర్చింది. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదువేల జరిమానా, లేదా రెండూ. హారన్ కొట్టినంత మాత్రాన దారి వాడిది కాదు.

మేము ఊళ్లు తిరుగుతుంటే ఎక్కడైనా వినపడే మాట ఒకటుంది: "ట్రాలీలో పోయినోళ్లకు పైసా రాదంటగదా?" అది సగమే నిజం. ట్రాలీ సామానుకే గనక ట్రాక్టరు ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు. కానీ వెనకనుంచి గుద్దింది లారీ అయితే, ఆ లారీ ఇన్సూరెన్సుకు ట్రాలీలోని కూలీలు మూడో పక్షం. పరిహారం అడిగే హక్కు ఉన్నది. అందుకే దెబ్బతిన్నవాళ్లను లేపుతూనే లారీ నంబరు పట్టుకోవాలి. గుద్ది పారిపోయి బండి జాడ తెలియకపోయినా, 2022 ఏప్రిల్ నుంచి చావుకు 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇవ్వాలనే నియమం ఉన్నది. ముందు పోలీసు కేసు రాయించాలి. ఆస్పత్రి కాగితం ఒక్కటి కూడా పారేయొద్దు.

ఇక మన రైతులతో ఒక మాట. వెనక ఎర్రలైటు, మెరిసే పట్టీ లేని ట్రాలీని చీకట్లో రోడ్డెక్కించొద్దు. మనుషులను అందులో ఎక్కించడానికి చట్టమే ఒప్పదు. చేనుదాక ఆటో కిరాయి ఎవరు పెట్టాలన్నది కూలి రేటు మాట్లాడుకునేనాడే, అదే కూర్చున్న చోట తేల్చుకోవాలి.