ఒకరికి ఎన్ని? – ఆసుపత్రి కంప్యూటరు లెక్క

ఓ.పి. కౌంటరు దగ్గర మీ పేరు, వయసు, ఊరు, ఫోను నంబరు అడిగి కంప్యూటరులో ఎక్కిస్తారు. ఆ వివరాలు లోపల సరిగా అమరకపోతే ఒకరి మందు మరొకరికి చేరే ప్రమాదం ఉంది. అందుకే ఈ సంగతి గురించి మనం నాలుగు మాటలు చెప్పుకుందాం.

సమాచారాన్ని పట్టికలుగా దాచే పద్ధతిని 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించారు. ఏ వివరానికి దేనితో సంబంధమో బొమ్మగా గీసే విధానాన్ని 1976లో పీటర్ చెన్ వివరించారు. 'ఇటు ఒకటికి అటు ఎన్ని?' అన్నదే అందులో ముఖ్యమైన ప్రశ్న. దీనినే కార్డినాలిటీ అంటారు. ఇది మూడు విధాలు.

ఒకటికి ఒకటి: ఒక అడ్మిషనుకు ఒకే డిశ్చార్జి సమ్మరీ.

ఒకటికి అనేకం: ఒక గర్భిణి చాలాసార్లు పరీక్షకు వస్తుంది. ప్రతిసారీ చూసిన బి.పి. వేరే వరుసలో ఉండాలి. ఒకే గడి ఉంటే కొత్త అంకె పాతదాన్ని చెరిపేస్తుంది. బి.పి. నెలనెలా పెరుగుతోందన్న సంగతి డాక్టరుకు కనబడదు.

అనేకానికి అనేకం: ఒక రోగికి పలు మందులు, ఒక మందు పలువురు రోగులకు. మరి 'పూటకు ఒకటి, ఐదు రోజులు' అన్నది ఎక్కడ రాయాలి? అది రోగి వివరమూ కాదు, మందు వివరమూ కాదు. రెంటినీ కలిపే మూడో పట్టికలో రాయాలి. పడని మందులకూ ఇదే పద్ధతి. ఒక్క గడే ఉంటే పెన్సిలిన్ రాశాక సల్ఫాకు చోటుండదు.

ఇంటికి ఒకే ఫోను ఉన్న కుటుంబాలు ఎన్నో. ఒక ఫోనుకు ఒకే మనిషి అని కంప్యూటరు అనుకుంటే అత్తగారి షుగరు మాత్రలు కోడలి పేరున చేరవచ్చు. షుగరు లేనివారు అలాంటి కొన్ని మాత్రలు మింగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. 14 అంకెల ఆభా నంబరు ఎవరిది వారికే. ఒకే ఫోనుకు ఇంట్లో పలువురి నంబర్లు జతచేసుకోవచ్చు.

మనం చేయవలసినవి:

• ఫోను నంబరుతో ఆగక, పేరు, వయసు కూడా సరిచూసుకోండి.
• కవలలైనా సరే, ప్రతి బిడ్డకూ వేరే కార్డు తీసుకోండి.
• పడని మందులన్నీ చెప్పండి, ఒక్కటి చెప్పి ఆగవద్దు.
• ఒకరి చీటీతో మరొకరు చూపించుకోవద్దు.